ఇంటర్వెల్‌లో పోయిన వైఫై

మా వారి దృష్టిలో ఇంట్లో జరిగే సకల అనర్థాలకూ మూలం రౌటర్. కంప్యూటర్‌లో పేజీ తెరుచుకోకపోతే చాలు, లేచి వెళ్లి దాని ప్లగ్ పీకేస్తారు. ముప్ఫై దాకా లెక్కపెట్టి మళ్లీ పెడతారు. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పూర్తిగా దిగిపోవాలట. ఆ మాట నిజమే. కాకపోతే తర్వాత లైట్లన్నీ ఒక్కొక్కటే వెలిగి, అది మళ్లీ లోకంతో మాట కలపడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోపు అప్పటిదాకా హాయిగా నడుస్తున్న నా ఫోను, అమ్మాయి క్లాసు, అబ్బాయి ఆట అన్నీ ఆగిపోతాయి. ఒక్క కంప్యూటర్‌కి వచ్చిన జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

"ఫోన్‌లో వస్తోంది కదండీ, కంప్యూటర్‌లోనేగా రావట్లేదు" అని మొదటిరోజే అన్నాను. తప్పెక్కడుందో తేల్చడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. అదే టేబుల్ మీద ఇంకో పరికరం పెట్టి చూడటమే. అందులో వస్తుంటే రౌటర్‌ని అనుమానించడం అన్యాయం. కానీ ఈ ఇంట్లో నా మాటకి సిగ్నల్ ఎప్పుడూ ఒక్క గీతే.

"నీకు తెలీదు. ఫోన్ వేరు, కంప్యూటర్ వేరు" అన్నారు.

నేను చెప్పిందీ అదే.

విచిత్రం ఏమిటంటే, ఆయన వైద్యం పనిచేసేది. రౌటర్ దగ్గర కుస్తీ పట్టి, కస్టమర్ కేర్ వాళ్లతో మాట్లాడి (వాళ్లూ "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనేవారు), గంటా గంటన్నర తర్వాత తిరిగొచ్చేసరికి కంప్యూటర్‌లో నెట్ దూసుకుపోతూ ఉండేది. "చూశావా!" అనేవారు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ మామూలే. పని చేసిన మందు మళ్లీ ఎందుకు వేయాల్సొస్తోందని ఆయన అనుకోలేదు. డోసు చాల్లేదనుకున్నారు.

అలా డోసు పెరుగుతూ పోయింది. ఒక సాయంత్రం ఛానెళ్ల మీద పడ్డారు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఛానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, చాలానే ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా ఆరులోనే గుమిగూడారని కనిపెట్టి, మమ్మల్ని పదకొండుకి మార్చారు. కాసేపటికి నెట్ వచ్చింది. ఆ రాత్రి ఆయన నడకే మారిపోయింది.

మర్నాడు పోయింది. ఈసారి నేరం మైక్రోవేవ్ ఓవెన్ మీదికి, అంటే నా మీదికి వచ్చింది. ఓవెన్ కూడా ఇంచుమించు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి అనుమానం అర్థంలేనిది కాదు. నేను గిన్నె లోపల పెడుతుంటే పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో పార్క్స్ అని పెద్ద రేడియో టెలిస్కోప్ ఉందట. 1998 నాటి రికార్డుల నుంచీ అందులో ఏవో వింత సంకేతాలు కనబడుతున్నాయట. చివరికి 2015లో తేలిందేమిటంటే, అక్కడి సిబ్బంది ఓవెన్ ఆగకముందే తలుపు తెరిచేస్తున్నారట. "ఖగోళ శాస్త్రవేత్తలనే ముప్పుతిప్పలు పెట్టింది, మనమెంత!" అన్నారు. కథ నిజమే, నేను తర్వాత చదివాను. అయితే మా ఓవెన్ నడిచేది రెండు నిమిషాలు, నెట్ పోయేది గంటన్నర. ఆ లెక్క చెబుదామనుకున్నాను గానీ, సాయంత్రాలు ఓవెన్ బంద్ అన్నారు. వంటింట్లో ఒక పని తగ్గుతుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను.

ఆఖరికి పిన్నీసు అడిగారు. రౌటర్ వెనకాల సన్నటి కన్నం ఒకటుంటుంది. అందులో ఏదైనా దూర్చి పది సెకన్లు నొక్కిపట్టుకుంటే, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి వెళ్లిపోతుంది. మనం పెట్టుకున్న పేరు, పాస్‌వర్డ్, సెట్టింగులు ఏవీ ఉండవు. ప్లగ్ పీకడం వేరు, ఇది వేరు. ఆ తేడా ఆయనకి నొక్కాక తెలిసింది.

ఇక ఆ రాత్రి చూడాలి. రౌటర్‌ని బోర్లా తిప్పి, అడుగున అంటించిన చీటీ మీద టార్చి కొట్టి పాస్‌వర్డ్ చదవడం. అందులో సున్నా ఏదో, ఓ ఏదో, ఒకటి ఏదో, చిన్నబడి ఎల్ ఏదో దాన్ని అచ్చేసినవాడికైనా తెలుసో లేదో. అమ్మాయి టైప్ చేస్తుంటే అబ్బాయి కాదనేవాడు. చివరికి లోపలికి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ చాలా గట్టిదే పెట్టారు. మేడ మీదున్న అబ్బాయికి దాన్ని అంతకంటే గట్టిగా, అక్షరం అక్షరం చదివి వినిపించారు.

ఇంత రభసలోనూ చలించని మనిషి ఒక్క మామయ్యగారే. వీళ్లంతా రౌటర్ దగ్గర గుమిగూడితే, ఆయన వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, మనవడు తెచ్చిచ్చిన హార్డ్ డిస్క్‌లో పాత నలుపు తెలుపు సినిమా చూసుకునేవారు. పద్ధతి గల మనిషి. సగం సినిమా అవగానే ఇంటర్వెల్ అని లేచి అటూ ఇటూ నడిచొస్తారు. సినిమా అయిపోయాక డిస్క్‌ని జాగ్రత్తగా తీసి, గుడ్డ సంచీలో పెట్టి, బీరువాలో దాచేస్తారు.

ఒకరోజు ఆయన ఇంటర్వెల్‌కి లేస్తే మా వారు వచ్చి కూర్చున్నారు. నెట్ లేదు. రౌటర్ వైపు పరుగెత్తారు. నేను కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ నుంచి రౌటర్‌కి పింగ్, అంటే "ఉన్నావా?" అనే పలకరింపు, పెట్టి చూశాను. రౌటర్ చిరునామా 192.168.1.1 అని కొడితే జవాబు ఒకటీ రెండూ మిల్లీసెకన్లలో రావాలి. నాకు వరసగా 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అనే వచ్చింది. పక్కనే ఫోన్‌లో మాత్రం నిండు గీతలు. అంటే తెగింది ఈ గదిలోనే. వంగి సీపీయూ వెనక్కి చూశాను. కంప్యూటర్‌కి వైఫై అందుకునే గోరంత డాంగిల్, దానికి అతుక్కుపోయినట్టు హార్డ్ డిస్క్ తీగ.

"మామయ్యగారూ, ఒక్క నిమిషం ఇది తీస్తానండీ" అన్నాను.

తీశాను. జవాబులు గడగడా వచ్చాయి. పెట్టాను, ఆగిపోయాయి.

ఆ డిస్క్‌ది యూఎస్‌బీ 3.0 తీగ. అందులో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. ఆ పరుగులో పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద కూడా పడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీనిమీద ఒక పత్రం రాసింది. మిక్సీ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడటం లాంటిదే మా డాంగిల్ పరిస్థితి. రౌటర్ పాపం పలుకుతూనే ఉంది, దీనికి వినబడట్లేదు. సినిమా అయ్యాక డిస్క్ బీరువాలోకి వెళితే నెట్ వచ్చేది. ఆ ఘనత ఆ పూట మా వారు ఏం చేసి ఉంటే దానికి దక్కేది.

డాంగిల్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి, టేబుల్ పైకి తెచ్చి పెట్టాను. అంతే, మళ్లీ ఆగలేదు. ఇప్పుడు మా వారు ఫోన్‌లో స్నేహితులకి యూఎస్‌బీ రొద గురించి వివరంగా చెబుతున్నారు. పింగ్ దగ్గర్నుంచి అన్నీ వస్తున్నాయి, పిన్నీసు మాత్రం రావట్లేదు.

అబ్బాయి వెళ్లి తాతగారికి నచ్చజెప్పాడు. ఆ సినిమాలన్నీ నెట్‌లోనే ఉన్నాయి, ఇక డిస్క్ అక్కర్లేదని.

"వద్దురా" అన్నారు మామయ్యగారు, గుడ్డ సంచీ ముడి విప్పుతూ. "ఆ నెట్‌ని నమ్ముకుంటే మాటిమాటికీ ఆగిపోతుంది. మీ నాన్న అవస్థ చూడట్లేదూ?"