పాట ఎంచుకున్నాకే బండి కదిలేది

కాయిన్ వేసి స్టార్ట్ నొక్కగానే ‘ఔట్‌రన్’ అనే కారు వీడియో గేమ్‌లో ముందు కనిపించేది రోడ్డు కాదు, కారు రేడియో. దాని మీద ఒక చెయ్యి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే స్టేషన్ మారుతుంది. వెనకాల సముద్రపు అలల చప్పుడు. ‘ప్యాసింగ్ బ్రీజ్’, ‘స్ప్లాష్ వేవ్’, ‘మ్యాజికల్ సౌండ్ షవర్’ అని మూడు పాటలు. వాటిలో ఒకటి ఎంచుకున్నాకే బండి బయల్దేరేది.

జపాన్ కంపెనీ సెగా 1986లో ఈ గేమ్‌ను ఆర్కేడ్లలోకి (కాయిన్ వేసి ఆడే గేమ్ సెంటర్లలోకి) తెచ్చింది. దాదాపు నలభై ఏళ్లు గడిచినా ఆ మూడు ట్యూన్లనూ జనం ఇంకా వింటున్నారు, గిటార్ మీద, కీబోర్డు మీద వాయిస్తున్నారు. చిన్ననాటి జ్ఞాపకం కాబట్టి నచ్చుతోందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1986కి పుట్టని వాళ్లకు కూడా ఇది నచ్చుతోంది. అసలు కారణం ఆ పాటలకు ఆటలో ఇచ్చిన పనిలో ఉంది.

రేసింగ్ గేమ్‌లో సంగీతం సాధారణంగా మనల్ని తరుముతుంది. వేగం పెరిగే కొద్దీ డ్రమ్స్ బాదుతాయి, గిటార్లు అరుస్తాయి. ఔట్‌రన్‌లో టెన్షన్ పెట్టే పని గడియారానిది. టైమ్ అయిపోయేలోగా చెక్‌పాయింట్ దాటకపోతే ఆట ముగిసినట్టే. కారు 293 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, ముందు వెళ్తున్న లారీలు అడ్డొస్తాయి. పాట మాత్రం కంగారు పడదు. ‘ప్యాసింగ్ బ్రీజ్’ అయితే సాయంత్రం బీచ్ రోడ్డు మీద తీరిగ్గా వెళ్తున్నట్టు సాగుతుంది. కారు పల్టీ కొట్టి, అందులోని ఇద్దరూ ఎగిరి రోడ్డు మీద పడ్డా అది ఆగదు. మళ్లీ కారెక్కేసరికి పాట మన కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. ఓడిపోయామన్న బాధ అక్కడే సగం తగ్గిపోతుంది.

గేమ్ రూపకర్త యూ సుజుకి దీన్ని రేసింగ్ గేమ్ కాదు, డ్రైవింగ్ గేమ్ అంటారు. ఇందులో పోటీదారు ఎవరూ లేరు. ఆఖరిది తప్ప ప్రతి దశ చివరా రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికో ఎడమకో మీరే తిప్పుకోవాలి. మొత్తం 15 దశలుంటే ఒక ప్రయాణంలో మీరు చూసేది ఐదే. దారి మారినా, కొబ్బరి చెట్ల తీరం పోయి ఇంకో ప్రాంతం వచ్చినా, వెంట వచ్చేది ఒకటే పాట. ఆ ఐదు దశల్నీ ఒకే ప్రయాణంగా కలిపి కుట్టింది ఆ పాటే. దశ మారినప్పుడల్లా ట్యూన్ మార్చి ఉంటే అది ఐదు ముక్కల ఆటగా మిగిలేది.

స్వరకర్త హిరోషి కవాగుచి సెగాలో ప్రోగ్రామర్‌గా చేరిన మనిషి. 1985లో సుజుకి చేసిన బైక్ గేమ్ ‘హ్యాంగ్ ఆన్’కీ ఆయనే సంగీతం ఇచ్చారు. ఔట్‌రన్‌కు ఆయన చేతిలో ఉన్నది ఒక యమహా ఎఫ్ఎం సింథసిస్ చిప్, అంటే స్వరాల్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే చిప్. అందులో ఒకేసారి ఎనిమిది స్వరాలు మాత్రమే పలుకుతాయి. డ్రమ్స్ కోసం రికార్డు చేసిన శబ్దాల్ని వినిపించే చిప్ వేరే ఉంది. ఇంత తక్కువ సరంజామాతో ‘మ్యాజికల్ సౌండ్ షవర్’లో లాటిన్ అమెరికా తాళవాద్యాల ఊపు తెచ్చారు. అప్పట్లో జపాన్‌లో జోరుగా వినిపించిన జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) వాసన మూడు పాటల్లోనూ ఉంది. యమహా డీఎక్స్7 కీబోర్డులోనూ ఇదే ఎఫ్ఎం పద్ధతి. 80ల చివరి సినిమా పాటలు విన్న మన చెవులకు ఆ గంటల్లాంటి మెరుపు ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది.

మూడింటిలోనూ గాత్రం లేదు. అయినా అవి పాటల్లాగే కట్టినవి. పల్లవి ఉంటుంది, మలుపు ఉంటుంది, మళ్లీ పల్లవి దొరికినప్పుడు హాయి ఉంటుంది. మాటలు లేకపోవడం వల్ల ఏ భాష వాడైనా ఆ ఖాళీలో కూనిరాగం తీసుకోవచ్చు.

మన నెట్ సెంటర్లలో ఒక తరాన్ని ఊపేసిన ‘రోడ్ రాష్’ పీసీ వెర్షన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. అందులో సౌండ్‌గార్డెన్ లాంటి పేరున్న రాక్ బ్యాండ్ల పాటలున్నాయి. కానీ అవి మెనూల్లోనే మోగేవి. రేసు మొదలైతే వేరే సంగీతం. ఆ పాటలు గుర్తున్న వాళ్లకు బైక్ ఎంచుకునే స్క్రీన్ గుర్తొస్తుంది. ఔట్‌రన్ పాట వింటే రోడ్డే గుర్తొస్తుంది. బ్యాండ్ పేరు ఎంత పెద్దదైనా, పాట ప్రయాణంలో తోడు రాకపోతే ఆ బంధం కుదరదు.

ఇంకొక ట్యూన్ ఉంది, దాన్ని మనం ఎంచుకోలేం. ఆట ముగిశాక స్కోరు పట్టికలో పేరు రాసే చోట వినిపించే ‘లాస్ట్ వేవ్’. నెమ్మదైన, కొంచెం దిగులు కలిసిన రాగం. దాని వెనకాల మళ్లీ ఆ సముద్రం, రేడియో దగ్గర విన్న అలలే. పేరుకు మూడే అక్షరాలు. నేను వాటిని వీలైనంత ఆలస్యంగా పూర్తి చేస్తాను.