ఒమెగా చాప్టర్‌లో చోటు ఎవరికి?

అట్లాంటాలో మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక నల్లజాతి పెద్దాయన నాలుగేళ్ల కిందట చనిపోయారు. అంత్యక్రియలకు ముందురోజు సాయంత్రం ఆఖరి చూపు చూడటానికి ఫ్యూనరల్ హోమ్‌కి, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసే చోటికి, వెళ్లాను. పెట్టె పక్కన కుటుంబం కూర్చుని ఉంది. కాసేపటికి వెనక తలుపులోంచి ముప్పై నలభై మంది మగవాళ్లు ఇద్దరిద్దరుగా లోపలికి వచ్చారు. అందరివీ నల్ల సూట్లే. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక కుర్రాడికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు. ఒక ముసలాయన వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. పెట్టె చుట్టూ నిలబడ్డాక ఒకాయన కాగితం తీసి, చనిపోయినాయన పూర్తి పేరు, ఏ కాలేజీలో ఏ సంవత్సరం తమతో చేరారో చదివారు. ఇకనుంచి ఆయన ఒమెగా చాప్టర్ సభ్యుడని చెప్పారు. తర్వాత అందరూ కలిసి సన్నగా ఓ పాట పాడారు. వాకర్ పట్టుకున్న ముసలాయనకు గొంతు రాలేదు. పాట అయిపోయేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నారు.

బయటికి వచ్చేటప్పుడు చనిపోయినాయన భార్యను అడిగాను, వీళ్లంతా స్నేహితులా అని. "సగం మందిని ఆయన ఎప్పుడూ చూసి కూడా ఉండరు. కబురు వెళ్లింది, వచ్చారు" అన్నారావిడ.

ఆ మాట నా మనసులోంచి పోలేదు. మనకైతే చావుకి వచ్చేది చుట్టాలు, ఇరుగుపొరుగు, కులంవాళ్లు, ఊరివాళ్లు. కాలేజీ పేరు చెప్పుకుని, ముఖపరిచయం లేనివాడి శవం దగ్గరికి నల్ల సూటు వేసుకుని రావడం మన అనుభవంలో లేదు.

అమెరికా కాలేజీల్లో ఫ్రెటర్నిటీ అంటే సోదర సంఘం. ఆడపిల్లల సంఘాలను సొరోరిటీ అంటారు. పేర్లన్నీ గ్రీకు అక్షరాలు. ఈ అలవాటు 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పాతో మొదలైంది. ఒక సంఘానికి అనేక కాలేజీల్లో శాఖలుంటాయి, వాటిని చాప్టర్లంటారు. ఆల్ఫా చాప్టర్, బీటా చాప్టర్ అంటూ వరసగా పేర్లు పెట్టుకుంటూ పోతారు. అనేక సంఘాల్లో చివరి అక్షరం ఒమెగాను మాత్రం ఏ కాలేజీకీ ఇవ్వరు. అది చనిపోయినవాళ్ల చాప్టర్. మరికొన్ని సంఘాలు 'చాప్టర్ ఎటర్నల్' అంటాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సొరోరిటీలో ఆఖరి వీడ్కోలును 'ఐవీ బియాండ్ ద వాల్' అంటారు. ఐవీ గోడకి పాకే తీగ. గోడ అవతలికి పాకిపోయిందే తప్ప తీగ తెగిపోలేదని వాళ్ల భావం. సంఘాల పత్రికల్లో ఒమెగా చాప్టర్ జాబితాకు విడిగా పేజీ ఉంటుంది. పెద్దవాళ్లు పత్రిక రాగానే ముందు ఆ పేజీ తిప్పుతారని ఆ పెద్దాయన ఇంట్లోనే విన్నాను. మన ఇళ్లలో తాతయ్యలు పేపర్ రాగానే సంతాపాల పేజీ తీసినట్టే.

చనిపోయిన ఆ పెద్దాయనది ఆల్ఫా ఫై ఆల్ఫా. నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్న గ్రీకు అక్షరాల సంఘాల్లో అనేక కాలేజీలకు విస్తరించిన మొదటిది. 1906 డిసెంబర్ 4న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు కుర్రాళ్లు మొదలుపెట్టారు. వాళ్లను ఈరోజుకీ 'సెవెన్ జ్యువెల్స్' అంటారు, అంటే ఏడు రత్నాలు. 1904-05లో అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు తర్వాతి ఏడాది కాలేజీకి తిరిగి రాలేదు. వేలమంది తెల్లవాళ్ల మధ్య ఒంటరిగా నెట్టుకురాలేక వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఒకరికొకరు ఆసరాగా ఉండాలని ముందు చదువుల కూటమిగా చేరి, తర్వాత ఫ్రెటర్నిటీ అయ్యారు. అంటే వాళ్ల సంఘం పుట్టిందే, పక్క కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆ ఖాళీని పట్టించుకోవడం వల్ల. నాకు ఆ ఫ్యూనరల్ హోమ్‌లో కనిపించిన క్రమశిక్షణకు వేరు అక్కడుంది. ఒక్కడు కూడా లెక్క తప్పిపోకూడదన్న పట్టుదల అది. అందుకే చదువు పూర్తయినా సభ్యత్వం పోదు. ఉద్యోగస్తులకు వేరే చాప్టర్లుంటాయి, చచ్చిపోయాక ఒమెగా ఉంటుంది.

మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో డాక్టరేట్ చేస్తున్నప్పుడు ఈ సంఘంలో చేరారు. వాషింగ్టన్‌లో ఆయన స్మారకం చూసిన మనవాళ్లు చాలామంది ఉంటారు, 30 అడుగుల రాతి విగ్రహం ముందు ఫొటో దిగకుండా ఎవరూ రారు. దాన్ని ప్రభుత్వం తనంతట తాను కట్టలేదు. కట్టాలన్న ఆలోచన 1984లో ఆల్ఫా ఫై ఆల్ఫా సభ్యులది. 1996లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, అనుమతి ఇచ్చింది. దాదాపు 12 కోట్ల డాలర్లు పోగుచేసి 2011 అక్టోబర్ 16న జాతికి అంకితం చేశారు. ఆలోచనకీ ఆవిష్కరణకీ మధ్య 27 ఏళ్లు. మొదలుపెట్టినవాళ్లలో కొందరు ఈలోగా తామే ఒమెగా చాప్టర్‌కి చేరి ఉంటారు.

అంత ప్రేమతో కట్టినదాంట్లో కూడా ఒక తప్పు దొర్లింది. అది చెప్పుకోవాలి. 1968 ఫిబ్రవరి 4న, హత్యకు సరిగ్గా రెండు నెలల ముందు, కింగ్ ఇక్కడే అట్లాంటాలో తమ ఎబెనెజర్ చర్చిలో తన చావు గురించి మాట్లాడారు. నా శవం దగ్గర నోబెల్ బహుమతి గురించి చెప్పకండి, ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టాలని చూశాడని చెప్పండి అన్నారు. నన్ను బృందానికి ముందు నడిచే డ్రమ్ మేజర్ అనాలనుకుంటే, న్యాయం కోసం, శాంతి కోసం ముందు నడిచాడని అనండి అన్నారు. అంత్యక్రియల రోజున ఆ రికార్డింగే వినిపించారు. స్మారకం మీద చెక్కేటప్పుడు 'అనాలనుకుంటే' అన్న ముక్క కోసేసి, 'నేను డ్రమ్ మేజర్‌ని' అని కుదించి పెట్టారు. వినయంగా అన్న మాట గొప్పలు చెప్పుకున్నట్టుగా మారిపోయింది. కవయిత్రి మాయా ఏంజెలో గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరికి 2013లో ఆ అక్షరాలను రాయి మీంచి చెక్కి తీసేశారు. చనిపోయినవాళ్ల విషయంలో చేసిన తప్పును ఇంత ఖర్చుపెట్టి, అందరి ముందూ దిద్దుకోవడం చిన్న సంగతి కాదు.

ఇంతవరకూ నేను చెప్పింది ఫ్రెటర్నిటీల మంచి ముఖం. రెండో ముఖం చూడకుండా ఈ వ్యాసం ముగిస్తే ఆ సంఘాల్లో చేరబోయి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలకు అన్యాయం చేసినవాణ్నవుతాను.

సభ్యత్వం దీక్షతో వస్తుంది. దీక్షకు ముందు కొన్ని వారాలు అభ్యర్థిగా ఉండాలి, వాళ్లను ప్లెడ్జ్ అంటారు. ఆ వారాల్లో జరిగేదే హేజింగ్. మన ర్యాగింగ్ లాంటిదే, కానీ లోపలికి రావాలంటే కట్టాల్సిన రుసుములా ఉంటుంది. 1873లోనే కార్నెల్‌లో ఒక కుర్రాడు ఇలాంటి రాత్రి తంతులో లోయలో పడి చనిపోయాడు. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో బీటా తీటా పై అనే ఫ్రెటర్నిటీ వాళ్ల ఇంట్లో ఇంజినీరింగ్ చదివే 19 ఏళ్ల అబ్బాయికి వరసగా మందు తాగించారు. మెట్ల మీంచి పడ్డాడు. అతను నేల మీద అల్లాడటం ఆ ఇంటి కెమెరాల్లోనే రికార్డయింది. ఫోన్ చేసి సాయం పిలిచేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి.

మన పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2013 డిసెంబర్‌లో జరిగింది. పై డెల్టా సై అనేది ఆసియా అమెరికన్ విద్యార్థుల సంఘం. న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీ మొదటి సంవత్సరం కుర్రాణ్ని పెన్సిల్వేనియా కొండల్లోని అద్దె ఇంటికి తీసుకెళ్లి, కళ్లకు గంతలు కట్టి, వీపున ఇసుక సంచి వేసి, చలిలో గడ్డకట్టిన పెరట్లో తోసి తోసి పడేశారు. ఆసియావాళ్లు ఈ దేశంలో పడ్డ కష్టాలను గుర్తు చేసే తంతు అట అది! స్పృహ తప్పితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. పైగా సంఘం గుర్తులున్న వస్తువులు దాచేయమని ఫోన్‌లో సలహాలు వెళ్లాయి. కోర్టు 2017లో సంఘాన్నే దోషిగా తేల్చింది, 2018లో లక్ష డాలర్లకు పైగా జరిమానా వేసి పదేళ్లు ఆ రాష్ట్రం నుంచి వెలివేసింది.

గుర్తులు దాచేయడం. నేను ఆగిపోయింది అక్కడే. ఒక చావుకి గుర్తులన్నీ వేసుకుని వస్తారు. ఇంకో చావుకి గుర్తులు తీసేస్తారు.

ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. దీక్ష పూర్తికాకముందే చనిపోయిన ఆ పిల్లలు నిబంధన ప్రకారం సభ్యులు కారు. సభ్యులు కానివాళ్లకు ఒమెగా చాప్టర్‌లో చోటు లేదు. సోదరులు కావాలని వచ్చి, సోదరుల చేతిలోనే పోయినవాళ్లు సోదరుల జాబితాలో ఉండరు. వాళ్లను గుర్తుపెట్టుకునే పని తల్లిదండ్రుల నెత్తిన పడింది. వాళ్లు రాష్ట్రాల చుట్టూ తిరిగి చట్టాలు తెప్పించారు. పెన్సిల్వేనియాలో 2018లో వచ్చిన హేజింగ్ వ్యతిరేక చట్టానికి ఆ ఇంజినీరింగ్ కుర్రాడి పేరే పెట్టారు. లూయిజియానా, ఒహాయో, వర్జీనియా చట్టాలకూ అలాంటి పేర్లే ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, ఇప్పుడు కాలేజీలు హేజింగ్ ఘటనలను లెక్కగట్టి బయటపెట్టాలి. బిడ్డ పేరు సంఘం పుస్తకంలోకి ఎక్కకపోతే చట్టం పుస్తకంలోకి ఎక్కించారు ఆ అమ్మానాన్నలు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ సంఘాలు తమ జాబితాలో ముందుగా రాసుకోవాల్సింది ఆ పేర్లే. కోర్టు ఖర్చుల లెక్క చూసుకునే లాయర్లు ఒప్పుకోరని తెలుసు. అయినా రాయాలి.

1990ల నుంచి దక్షిణాసియా పిల్లల ఫ్రెటర్నిటీలూ వచ్చాయి. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మొదలైంది. తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలూ వీటిలో చేరుతున్నారు. చేరొద్దని నేను చెప్పను, ఆ నల్ల సూట్ల సాయంత్రం చూశాక అసలే చెప్పలేను. కానీ పిల్లవాడు చేరతానంటే, ఇంతవరకూ ఈ సంఘంలో చేరబోయి ఎవరైనా చనిపోయారా, వాళ్ల గురించి మీవాళ్లు ఏం చెబుతారు అని అడగాలి. ఆ జవాబును బట్టి సంఘం ఏమిటో తెలిసిపోతుంది.

మనకు ఈ సంప్రదాయం లేదని పైన రాశాను. పూర్తిగా లేదనడం సరికాదు. పెళ్లిపత్రికలో కీ.శే. అని వేసి తాత పేరు రాస్తాం. కీర్తిశేషులు అంటే కీర్తి మాత్రమే మిగిలినవాళ్లు. ఆ రోజున లేకపోయినా వాళ్లూ పిలుస్తున్నట్టే. మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు రక్తసంబంధం లేని స్నేహితుడికి కూడా నీళ్లు వదిలే చోటుంది. బిడ్డలు లేకుండా పోయినవాళ్లకని ఆఖర్న తడిబట్ట పిండుతారు. జాబితాలో చోటు దొరకనివాళ్లు ఉంటారని, వాళ్లకూ ఓ చుక్క దక్కాలని ఎవరో ఎప్పుడో ఆలోచించారు. కాలేజీకి వచ్చేసరికి మాత్రం మన దగ్గర ఉన్నది పూర్వ విద్యార్థుల సమ్మేళనం, అందులో ఒక నిమిషం మౌనం.

ఆ ఒక నిమిషం గురించే నా బాధంతా. రెండేళ్ల కిందట మా ఇంజినీరింగ్ బ్యాచ్ సిల్వర్ జూబ్లీ చేసుకుంది. కాలేజీ పేరు వద్దు. చనిపోయిన బ్యాచ్‌మేట్స్ ఫొటోలు స్టేజీ పక్కన ఫ్లెక్సీ మీద వేశారు. నలుగురు. ఇద్దరు కోవిడ్‌లో పోయారు, ఒకరు రోడ్డు ప్రమాదంలో, ఒకరు క్యాన్సర్‌తో. జూమ్‌లో చూస్తున్న నాకు ఐదో ఫొటో ఏదని అనుమానం వచ్చింది. నా రోల్ నంబర్ 37. 38 మూడో సంవత్సరంలో ఆత్మహత్య చేసుకున్నాడు. మర్నాడు క్లాసులో అటెండెన్స్ తీసుకుంటూ లెక్చరర్ అలవాటుగా "థర్టీ ఎయిట్" అన్నారు. అని ఆగిపోయారు. రిజిస్టర్ మీద పెన్ను చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. తర్వాత "థర్టీ నైన్" అన్నారు.

ఎందుకు చేశాడో ఒక్క కారణం ఎవరూ చెప్పలేరు. సబ్జెక్టులు మిగిలిపోయాయి, ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చాడని వాడి ఇంగ్లీషును హాస్టల్లో సీనియర్లు వెక్కిరించేవాళ్లు. మేమూ వెక్కిరించాం. నేనూ నవ్వాను. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది, హాస్టల్ గోడ మీద ఆ కాగితం అంటించే ఉండేది.

ఫంక్షన్ చూసుకున్నవాళ్లను అడిగితే నిజాయితీగానే చెప్పారు. కాలేజీ ఆఫీసు నుంచి డిగ్రీ తీసుకున్నవాళ్ల లిస్టు తెచ్చుకుని, అందులో లేనివాళ్లెవరో చూశారట. వాడు డిగ్రీ తీసుకోలేదు కాబట్టి లిస్టులోకే రాలేదు. కావాలని చేయలేదు, నిబంధన అలా ఉంది. పెన్సిల్వేనియా కొండల్లో పోయిన ఆ పిల్లవాడికి అడ్డొచ్చిన నిబంధన లాంటిదే ఇదీ.

ఈ డిసెంబర్‌లో మళ్లీ కలుస్తున్నాం. ఈసారి లిస్టు నేను చేస్తానని గ్రూపులో పెట్టాను. మొదటి సంవత్సరం అటెండెన్స్ రిజిస్టర్ జిరాక్స్ ఒకరి దగ్గర దొరికింది. పేర్లు రోల్ నంబర్ వరసలోనే చదువుతాం. అది ఇష్టంలేనివాళ్లు ఇద్దరున్నారు, సంతోషంగా కలుసుకునే రోజున ఆ విషయం ఎందుకంటారు. వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాను.

వాడి చెల్లెలు ఇప్పుడు నెల్లూరులో టీచర్. నంబర్ పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. నేనెవరో, ఎందుకు చేశానో చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగింది, "అన్నయ్య ఫొటో మా దగ్గర రెండే ఉన్నాయండీ. ఏది పంపమంటారు?"