చెరువు నిండింది, ఉల్లంకి దిగే చోటేది?

పూడిక తీయడానికి వరంగల్ భద్రకాళి చెరువు నీళ్లను 2024 చివర్లో ఖాళీ చేశారు. మాటంతా మట్టి లెక్కల చుట్టూ, గుత్తేదారుల చుట్టూ తిరిగింది. అక్కడి పక్షులు ఏమయ్యాయో చెప్పాలంటే, నీళ్లు పోకముందు ఏవేవి ఎన్నెన్ని ఉండేవో వారం వారం రాసిపెట్టిన మనిషి కావాలి. ఆ పని ఏ శాఖ జాబ్ చార్టులోనూ ఉండదు. ఉద్యోగమో దుకాణమో చూసుకుంటూ, తెల్లవారేసరికి కట్ట మీదికి చేరే ఔత్సాహిక పక్షి పరిశీలకుడే చేయాలి.

పూడిక తీస్తే పక్షులకూ మేలేనంటారు. అందులో సగమే నిజం. బుడుబుంగ, నీటికాకి మునిగి వేటాడతాయి కాబట్టి లోతు పెరిగితే వాటికి నష్టం లేదు. బురదలో ముక్కుతో తిండి వెతుక్కునే ఉల్లంకి పిట్టలకు వేలెడు నీళ్లు, మెత్తని బురద కావాలి. తెల్ల కంకణం పిట్టకు జానెడు చాలు. ఈ లోతులన్నీ ఒక్కచోట దొరికేది శిఖం వైపు, అంటే కట్టకు అవతల నీళ్లు పరుచుకునే వైపు, నేల పల్చగా వాలిన అంచులోనే. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి జరిగే కొద్దీ అక్కడ రోజుకింత కొత్త బురద తేలుతుంది. వలస పిట్టలు ఉత్తరానికి మళ్లే ముందు ఒళ్లు చేసుకునేది ఆ బురదలోనే. చెరువును గిన్నెలా తోడి, అంచు నిలువుగా చెక్కి రాళ్లు పేరిస్తే ఆ అంచే మిగలదు. మత్తడి దూకుతుంది, బోట్లు తిరుగుతాయి, ఉల్లంకి మాత్రం దిగదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువును చూడండి. కట్ట ఒకవైపే, అవతలి అంచు అడవిలోకి వాలిపోతుంది.

ఈ తేడా లెక్కకు చిక్కాలంటే లెక్కించే తీరు మారకూడదు. అదే చెరువు, అదే చోటు, పొద్దు పొడిచిన గంటలోపు, ప్రతిసారీ అరగంట. నిలబడేది తూర్పు గట్టున. ఎండ వీపున పడాలి, లేకుంటే బాతులన్నీ నల్లని నీడలే. 8 రెట్లు పెద్దది చేసి చూపే 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. 10 రెట్లది చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది. గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే సగంలోనే లేచిపోతుంది. ముందు 10 పిట్టలను లెక్కించి, అవి పరుచుకున్న జాగాను కంటికి పట్టించుకుని, గుంపంతటిలో అలాంటి జాగాలెన్నో చూడాలి. వెనక వరస ముందు వరస చాటున పడుతుంది కాబట్టి కొత్తవాళ్ల అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. తూము రాయి నీళ్ల పైకి ఎంత తేలిందో కూడా పక్కన రాసుకోవాలి. నీటి మట్టం తెలియని పక్షుల లెక్కతో పూడికను గురించి ఏమీ తేల్చలేం.

చెడేది ఎక్కడంటే, పక్షుల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో సంఖ్యకు బదులు, ఉంది కానీ లెక్కించలేదని చెప్పే 'ఎక్స్' పెట్టి వదిలేయడం. నాలుగు చెరువులు తిరిగి ఒకే జాబితాగా ఎక్కించడం. ఇంటికెళ్లాక గుర్తున్నంత రాయడం. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఫొటో పడిన అరుదైన పిట్టను రాసి కాకినీ గుడ్డికొంగనూ వదిలేసి, గుర్తుపట్టినవన్నీ రాశామని చెప్పే 'పూర్తి జాబితా' అని నొక్కడం. ఆ జాబితా చూసినవాళ్లకు ఆ పొద్దున చెరువు దగ్గర కాకి లేదన్నట్టే! పెద్ద లెన్సులు పెరిగిన కొద్దీ ఈ రోగం కూడా ముదురుతోంది.

మామూలు పిట్టను ఎందుకు రాయాలో పాలపిట్టే చెబుతుంది. దాదాపు 30 వేల మంది పరిశీలకుల జాబితాలతో 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక, 30 శాతం లేదా అంతకు మించి తగ్గిన 14 జాతుల ముప్పు స్థాయిని మళ్లీ అంచనా వేయాలని సిఫారసు చేసింది. వాటిలో తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఈ పాలపిట్ట కూడా ఉంది. దసరా నాడు దాన్ని పంజరంలో పెట్టి తిప్పేవాళ్లు ఇంకా కనిపిస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మిగతా ఏడాదంతా తీగల మీద ఎన్ని కూర్చున్నాయో రాసేవాళ్లే తక్కువ.

డిగ్రీ పట్టా లేదన్నది సాకు కాదు. 1930ల మొదట్లో నిజాం సంస్థానం పక్షులను సర్వే చేసిన పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి, విశ్వవిద్యాలయ డిగ్రీ లేకపోవడం వల్లే అంతకుముందు జువాలజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు.

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మంచిదే, కానీ అది ఒక్క పూట చిత్రం. పూడిక పనికి అంచనాలు వేసేటప్పుడే ఆ చెరువుకు కనీసం ఏడాది వారపు లెక్క జతచేయాలి. శిఖం వైపు మూడో వంతు అంచునైనా మీటరు లోతుకు 10 మీటర్ల వాలుతో వదలాలి. పని పూర్తయ్యాక వచ్చే ఫిబ్రవరిలో అదే చోట, అదే అరగంట మళ్లీ నిలబడి చూస్తే ఆ వాలు పనికొచ్చిందో లేదో తెలుస్తుంది.