పైనుంచి ఒత్తిడి

మన దేశంలో పైనుంచి ఒత్తిడి వచ్చిందంటే ఒకరికి బదిలీ, ఇంకొకరికి కాంట్రాక్టు. ఆ ఒత్తిడి వల్ల మామూలు మనిషికి మేలు జరిగే చోటు నాకు తెలిసి ఒక్కటే: ఆపరేషన్ థియేటర్. అక్కడ వడపోసిన గాలి సీలింగులోంచి నిదానంగా టేబుల్ మీదికి దిగి, గోడల అడుగున ఉన్న జాలీల్లోంచి బయటికి పోతుంది. పైన మంజూరైంది కిందిదాకా చేరడం అనే వింత మరే శాఖలోనూ చూడలేదు.

ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ నిబంధనల ప్రకారం థియేటర్లో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలి, అంటే 3 నిమిషాలకోసారి. పక్క గదికంటే లోపల ఒత్తిడి 2.5 పాస్కల్స్ ఎక్కువుండాలి. అప్పుడే వరండాలోని దుమ్ముగాలి లోపలికి జొరబడదు. 2.5 పాస్కల్స్ అంటే ఎంతో అనుకునేరు, పావు మిల్లీమీటరు ఎత్తు నీళ్ల బరువు! తలుపు బార్లా తీస్తే చాలు, హరీమంటుంది.

ఆ తలుపు తీసేదెవరు? దారం మర్చిపోయిన సిస్టరు. ఫోనొచ్చిన మత్తు డాక్టరు. ఇంప్లాంటు డబ్బాతో కంపెనీ రెప్. చివరగా, "మా బావగారికి ఎలా ఉంది?" అంటూ చెప్పులతోనే తొంగిచూసే కార్పొరేటరు గారు. ఆయన ఒత్తిడిని కొలిచే మీటరు ఇంకా రాలేదు.

థియేటర్లో స్ప్లిట్ ఏసీ పెట్టకూడదని కూడా నిబంధన ఉంది. అది బయటి తాజాగాలిని తేదు, గదిలో ఉన్నదాన్నే చల్లబరిచి మళ్లీ మనమీదికి వదులుతుంది. ఎన్నికల మేనిఫెస్టోలకు అలవాటుపడ్డ ప్రాణాలు కదా, మనకు తేడా తెలియదు.

మా తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ చేయించిన చోట థియేటర్ గోడకు ప్రెషర్ మీటరు ఉంది. ముల్లు సున్నా దగ్గర హాయిగా పడుకునుంది. టెన్షన్ పడి టెక్నీషియన్‌ని అడిగాను. "ఇన్‌స్పెక్షన్ రోజు లేస్తుంది సార్" అన్నాడు. క్రమశిక్షణ గల ముల్లు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. తొంగిచూసే పెద్దలందరికీ తలుపు దగ్గర కాకుండా సీలింగు పైన కుర్చీలు వేయించండి. పైనుంచే ఒత్తిడి రావాలన్న నియమం అక్షరాలా అమలవుతుంది. మధ్యలో గాలిని వడపోసే హెపా ఫిల్టరు ఎలాగూ ఉంటుంది. 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపుతుందంటారు, సిఫారసుల్ని ఎంతవరకు ఆపుతుందో అదీ తేలిపోతుంది.