కార్ట్‌లో కాపురం పెట్టిన గేమ్ డబ్బాకు

మహారాజశ్రీ మూడున్నర అంగుళాల తెరతో, చేతిలో పట్టుకుని పాత వీడియో గేమ్‌లు ఆడించే గేమ్ డబ్బా గారి సముఖమునకు, హనుమకొండ సుబేదారి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. నా ఫోన్‌లోని షాపింగ్ కార్ట్‌లో నువ్వూ క్షేమమేనని రోజూ రాత్రి పడుకునే ముందు చూసి మరీ తెలుసుకుంటున్నాను.

నీ తర్వాత అదే కార్ట్‌లోకి వచ్చిన కుక్కర్ రబ్బరు, పిల్లోడి రెయిన్‌కోటు, బాపు బీపీ మిషన్ అన్నీ ఇంటికొచ్చి పనిలో పడ్డాయి. నువ్వు మాత్రం కిరాయి కట్టకుండా కాపురముంటున్నావు.

ముందు నీ ఇంటిపేరు సంగతి తేల్చు. ఆర్‌జీ 35 ఎక్స్‌ఎక్స్. దాని తర్వాత ప్లస్, అంటే నువ్వు, అడ్డంగా ఉన్నది హెచ్, మడతపడేది ఎస్పీ, ఆపైన 40 ఎక్స్‌ఎక్స్, 34 ఎక్స్‌ఎక్స్. హనుమకొండ ఆర్టీఏ ఆఫీసులో టీజీ 03 పక్కన వేసే నంబర్లు నయం, వరసలో వస్తాయి. నిన్ను చేసిన అన్బర్నిక్ కంపెనీ వాళ్లిలా ఉంటే, పక్కింటి మియూ వాళ్లు మినీ అని ఒకటి చేసి, దాన్ని పెద్దది చేసి మినీ ప్లస్ అన్నారు. మినీయో ప్లస్సో ఏదో ఒకటి చెప్పాలి కదా!

నీ లోపలి సంగతులు నాకిప్పుడు మా కరెంటు బిల్లు కంటే బాగా తెలుసు. హెచ్700 అనే చిప్. పాత మిషన్‌లోని చిప్ ఏం చేసేదో నీలోని ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ అచ్చం అలాగే నటిస్తుంది, గేమ్ మాత్రం తాను 1983 నాటి ఫ్యామికామ్‌లోనే ఉన్నాననుకుని నడుస్తుంది. ఫ్యామికామ్, గేమ్‌బాయ్, మొదటి ప్లేస్టేషన్ నీకు లెక్కే కాదు. పీఎస్‌పీలో (అది చేతిలో పట్టే ప్లేస్టేషన్) తేలికవి లాగిస్తావు, బరువైనవి వస్తే ఆయాసపడతావు. రెండో ప్లేస్టేషన్ పీఎస్2 మాట ఎత్తితే తల దించుకుంటావు.

అక్కడ మొదలవుతుంది అసలు ఆట. మా తమ్ముడు పక్కన కూర్చుని, "అన్నా, ఇంకో మూడు వేలు పెడితే పీఎస్‌పీ అన్నీ ఆడుతయి గదా" అంటాడు. నిజమే. ఇంకొంచెం పెడితే స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న రెట్రాయిడ్ పాకెట్, అందులో పీఎస్2 కూడా నడుస్తుంది. అంత పెట్టినోళ్లం ఇంకొంచెం పెడితే స్టీమ్ డెక్. అక్కడిదాకా ఎక్కాక చూస్తే సెకండ్ హ్యాండ్ యాక్టివా ధర కనబడుతుంది. చిన్నప్పటి కాంట్రా గేమ్ ఆడదామని బయల్దేరినవాణ్ని బండి షోరూం ముందు దింపి పోతారు. దిగి వచ్చి మళ్లీ నీ దగ్గరే నిలబడతాను.

ఇక తెర మీది చుక్కల లెక్క, అదే పిక్సెళ్ల లెక్క. గేమ్‌బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు. నీ తెర 640, 480. మూడింతలు చేస్తే 480, 432 అయి అంచుల్లో నల్లగా మిగులుతుంది. అదే గేమ్‌బాయ్ అడ్వాన్స్ అయితే 240, 160. నీ చుట్టం 34 ఎక్స్‌ఎక్స్ తెర 720, 480, అంటే సరిగ్గా మూడింతలు, వెంట్రుక వాసి తేడా లేదు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే మా వీధిలో గేమ్‌బాయ్‌ని కంటితో చూసినవాడు ఒక్కడూ లేడు. నాకు లేని జ్ఞాపకానికి సరిగ్గా కొలిచిన తెర వెతుకుతున్నాను.

ఉన్న జ్ఞాపకం వేరు. టీవీ గేమ్ అనేవాళ్లం. దాని క్యాసెట్ పసుపుపచ్చది, మీద 9999 ఇన్ 1 అని ఉండేది. తీసి చూస్తే అందులో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని గేమ్‌లు. మిగతావన్నీ అవే, రెండో లెవెల్ నుంచి ఒకసారి, మూడో లెవెల్ నుంచి ఒకసారి, ఎగిరే మారియో ఒకసారి. ఆడకపోతే క్యాసెట్ పీకి, కింద రాగి పళ్ల మీద గట్టిగా ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. టీవీ గేమ్ లేనివాళ్లు గంటకింత అని కిరాయి కట్టి షాపులో ఆడేవాళ్లు. కాంట్రా పెట్టగానే వెనకున్న పిల్లలంతా ఒకే గొంతుతో "పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ" అని మంత్రం చదివేవాళ్లు. ముప్ఫై ప్రాణాలు వచ్చేవి. నీలోనూ ఆ మంత్రం పనిచేస్తుంది, తెలుసు. కానీ నీకు సేవ్ స్టేట్ ఉంది. చావబోయే క్షణం ముందు ఆపి, భద్రపరిచి, చచ్చాక మళ్లీ అక్కణ్నుంచే. ముప్ఫై ప్రాణాల కోసం అంత శ్రద్ధగా మంత్రం నేర్చిన మేమంతా వెర్రివాళ్లమా?

బాతుల వేట మాత్రం నీ వల్ల కాదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వెలిగేది. తుపాకీ లోపలి సెన్సర్‌కు ఆ వెలుగు కనబడితే బాతు పడ్డట్టు. ఆ లెక్క పాత డబ్బా టీవీకే కుదురుతుంది. పైగా తుపాకీని తెరకు ఆనించి కాల్చిన గొప్ప వేటగాళ్లం మేము, మాకు నీ బటన్ల బాతులు ఆనవు.

చట్టం సంగతీ మాట్లాడుకుందాం. నీతో వచ్చే మెమరీ కార్డు నిండా వేల గేమ్‌లు ఉచితం అంటున్నావు. ఎవరి సొమ్ము, ఎవరి దానం? 2024లో యూజు అనే ఎమ్యులేటర్ చేసినవాళ్లు నింటెండోకు 24 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని దుకాణం మూసేశారు. సొంత క్యాసెట్ ఉంటే దాని కాపీ తీసుకుని ఆడుకోవడం మర్యాద అని పెద్దలు చెబుతారు. మా సొంత క్యాసెట్ ఆ 9999 ఇన్ 1. దొంగ సరుకుకు నిజాయితీగా కాపీ తీయడం ఎలాగో ఏ పెద్దమనిషిని అడగాలి? ఆ కార్డును కూడా కొన్నవాళ్లెవరూ నమ్మరు. డబ్బా తెరవగానే తీసి పక్కన పెట్టి, పేరున్న కంపెనీ కార్డు వేస్తారు. 1985 మారియో గేమ్ మొత్తం కలిపి 40 కేబీ. మా ఫ్యామిలీ గ్రూపులో పెదబాపు పెట్టే గుడ్ మార్నింగ్ ఫోటో దానికంటే బరువు.

నిన్ను చేత్తో పట్టి చూద్దామంటే ఎక్కడ? అలీఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో 2020 నవంబర్‌లోనే నిషేధించారు. హనుమకొండ చౌరస్తాలో అడిగితే షాపతను గాజు బల్ల కింది నుంచి 400 గేమ్‌ల డబ్బా తీశాడు. "గిదే అన్నా, టీవీకి గూడ పెట్టుకోవచ్చు." కాంట్రా పెట్టించాను. బొటనవేలు ఎడమకూ కుడికీ గబగబా దొర్లించాను. నడవాల్సిన సైనికుడు ఊరికే బోర్లా పడుకుంటున్నాడు. కుడి నొక్కితే కొంచెం కింది కూడా తగులుతోందన్నమాట. బటన్ల నాణ్యత పట్టుకోవడానికి దీన్ని మించిన పరీక్ష లేదు. "వీడు ఊకె పండుకుంటుండేందన్నా?" అన్నాను. షాపతను తొంగి చూసి, "ఎండలకు అలిసిపోయిండు" అన్నాడు. ఆ జవాబుకు డబ్బులివ్వొచ్చు కానీ డబ్బాకు ఇవ్వలేను.

ఇంట్లో అనుమతి మరో లెవెల్.

"గిండ్ల కొత్తగ ఏముంటది?" అంది మా ఆవిడ.

"అన్నీ పాతయే."

"మరి కొత్త పైసలెందుకు?"

దీనికి జవాబుగా రైలు ప్రయాణం చూపించాను. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటల చిల్లర, పోవడం రావడం కలిపితే బోలెడు టైం. ఆమె నవ్వలేదు, అదే నాకు భయమేసింది. పొద్దున బండి ఘనపూర్ దాటేసరికే నిలబడ్డవాళ్లతో నిండుతుంది. నిన్ను ఆడాలంటే రెండు చేతులు కావాలి. జనగామ వచ్చేసరికి నా ఒక చెయ్యి పైనున్న కడ్డీకి, రెండోది బ్యాగుకు. నిన్ను పట్టుకోవడానికి ఇంకో మనిషిని టికెట్ తీసి తీసుకెళ్లాలి.

ఇన్ని చెప్పాక తమ్ముడు అసలు బాంబు వేశాడు. నువ్వు ఆడేవన్నీ నా ఫోన్ ఆడుతుంది. పీఎస్‌పీ ఎమ్యులేటర్ ఉచితం, మిగతా పాత మిషన్లకు పనికొచ్చే రెట్రోఆర్క్ ఉచితం. ఇన్నాళ్లు గేటు వేసుకుని కూర్చున్న ఆపిల్ కూడా 2024 ఏప్రిల్‌లో ఈ ఎమ్యులేటర్లకు తలుపు తీసింది. బ్లూటూత్ కంట్రోలర్ ఒకటి కొంటే నీ అవసరమేంటి?

సరేనని ఫోన్‌లోనే కాంట్రా పెట్టాను. మూడో లెవెల్, జలపాతం. ఒక్కో మెట్టూ ఎగురుతూ పైకి పోవాలి, కాలు జారితే పోయినట్టే. సగం ఎక్కానో లేదో బాపు ఫోన్. "గ్యాస్ బుక్ చేసినవారా?" చేశాను. మళ్లీ ఎక్కుతుంటే పైనుంచి జారింది ఓ మెసేజ్, కేవైసీ అప్‌డేట్ చేయమని. దాని వెనకే ఆఫీస్ గ్రూపులో "అర్జెంట్" అని, ఏది అర్జెంటో చెప్పకుండా. ఆ వరస చూస్తే శత్రువు సైనికులే నయం, వాళ్లు ఒక్కో తూటాకు పడిపోతారు.

అప్పుడు తెలిసింది నీలోని గొప్పతనం చిప్పులో లేదని, చుక్కల్లో లేదని. నీకు సిమ్ లేదు. నిన్ను పట్టుకుని కూర్చుంటే గ్యాస్ గురించి అడిగేవాడు లేచి నా దగ్గరికి నడిచి రావాలి. ఈ ఒక్క లోపానికి ఎంతైనా పెట్టొచ్చు అనిపించింది. మా ఆవిడకు ఇదే చెబితే, "అట్లయితె నాకోటి" అంది.

కానీ నువ్వేం చేశావు? వైఫై పెట్టుకున్నావు. బ్లూటూత్ పెట్టుకున్నావు. ఇవాళ వైఫై, రేపు అప్‌డేట్, ఎల్లుండి నోటిఫికేషన్. చివరికి నువ్వూ కేవైసీ అడుగుతావు. ఎందుకు వచ్చిన తంటా!

కాబట్టి తెలియజేయునది ఏమనగా, నిన్ను కార్ట్‌లోంచి తీసేస్తున్నాను. నీ తమ్ముడు 28 ఎక్స్‌ఎక్స్ ఉన్నాడు కదా, 2.8 అంగుళాల తెర, లోపల వైఫై లేదు, నోట్లో నాలుక లేని పిల్లోడు. అక్షరాలు చీమతలల్లా ఉంటాయట, నాకు చత్వారం మొదలైంది, అయినా పర్వాలేదు. ఇంట్లో చెప్పినట్టు రెండు తీసుకుంటున్నాం.

దసరాకు డాలస్ నుంచి మా బావమరిది వస్తున్నాడు. పోయేటప్పుడు అతని సూట్‌కేస్‌లో సకినాలు, మామిడికాయ తొక్కు ఎట్లాగూ పోతాయి, వచ్చేటప్పుడు చోటుంటుంది. ఏ మోడలో చెప్పమంటే చెప్పాను.

"అది చిన్నది బావా. ఇంకో ఇరవై డాలర్లు పెడితే..." అని మొదలుపెట్టాడు.

సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

ఇట్లు,
నీ మాజీ యజమాని కాబోయినవాడు,
సుబేదారి, హనుమకొండ