గదుల లెక్కతో ప్రత్యేక బడి కట్టలేం

పాత బడి స్థానంలో కొత్తది కట్టాలనుకోగానే మన కార్యాలయాల్లో మొదట పుట్టేది గదుల లెక్క. తరగతి గదులు ఇన్ని, ప్రధానోపాధ్యాయుడి గది ఒకటి, వరండా ఇంత, మరుగుదొడ్లు ఒక వరస, చుట్టూ ప్రహరీ. చదరపు అడుగుకు ఇంత అని గుణిస్తే అంచనా సిద్ధమవుతుంది. మామూలు బడికి ఈ పద్ధతి ఎంతో కొంత పనిచేస్తుంది. అక్కడ పిల్లవాడి రోజు చాలావరకు బల్ల ముందే గడుస్తుంది కాబట్టి. ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో రోజు అలా నడవదు. ఆటో దిగడం, వాకరో చక్రాల కుర్చీయో అందుకోవడం, లోపలికి చేరడం, మరుగుదొడ్డికి వెళ్లడం, తడిసిన బట్టలు మార్చడం, నెమ్మదిగా అన్నం తినడం, ఫిజియోథెరపీ. వీటికే సగం పొద్దు పోతుంది. మన అంచనా పత్రంలో ఆ సగం పొద్దుకు చోటు లేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి పిల్లల చదువు చాలా చోట్ల అద్దె ఇళ్లలో, దాతలిచ్చిన పాత భవనాల్లో, మండల కేంద్రంలో ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో సర్దుకుని సాగుతోంది. ఈ భవనాలను ఏదో ఒకనాడు మార్చక తప్పదు. అప్పుడు నక్షా గీయడానికి ముందే రాయవలసిన పత్రం ఒకటుంది. పాత బడిలో ఒక రోజు ఎలా గడుస్తుందో, నిమిషాలతో సహా రాసిన పత్రం అది. ఎవరు ఎన్ని గంటలకు వస్తున్నారు, ఎవరిని ఎవరు ఎత్తుకుంటున్నారు, ఏ మలుపు దగ్గర ఆగిపోతున్నారు, ఒక్క మరుగుదొడ్డి ముందు ఎంతమంది ఎదురుచూస్తున్నారు. ఇంజినీరు కంటే ముందు ఆయాలను, ఆటో డ్రైవర్లను అడిగితే ఈ పత్రం తయారవుతుంది. తల్లులను అడగాలని వేరే చెప్పనక్కరలేదు.

మనబడి నాడు–నేడు పథకం 2019 నవంబరు 14న ఒంగోలులోని పీవీఆర్ మున్సిపల్ ఉన్నత పాఠశాలలోనే మొదలైంది. రాజకీయాలు పక్కన పెడితే, దాని నుంచి తీసుకోదగినది ఒకటుంది: పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. తీసుకోకూడనిది కూడా ఒకటుంది: తొమ్మిది అంశాల ఒకే జాబితా అన్ని బళ్లకూ వర్తించింది. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, రంగులు, ప్రహరీ అంటూ టిక్కులు పెట్టుకుంటూ పోవడం వేలాది బళ్లను ఒక స్థాయికి తేవడానికి సరే. నడవలేని పన్నెండేళ్ల పిల్లను రోజుకు నాలుగుసార్లు ఎత్తవలసిన బడిని ఆ జాబితా పట్టించుకోలేదు, పట్టించుకునేలా రాసిందీ కాదు.

అసలు ప్రత్యేక బడి అవసరమా అని అడిగేవారున్నారు. అందరినీ మామూలు బడిలోనే కలిపి చదివించే సహిత విద్య లక్ష్యంగా పెట్టుకున్నాక వేరే బడి ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. కోరుకునేది కుటుంబం. ఎంచుకోవడానికి రెండో బడి నిజంగా ఉంటేనే ఆ మాటకు విలువ.

సహిత విద్య పెరిగే కొద్దీ ప్రత్యేక బడికి వచ్చే పిల్లలు మారతారు. ప్రణాళిక వేసేవారికి చాలాసార్లు తట్టనిది ఇదే. కొద్దిపాటి వినికిడి లోపం ఉన్నవారు, చిన్నప్పుడే కాక్లియర్ ఇంప్లాంట్ (చెవిలో అమర్చే వినికిడి పరికరం) అయినవారు, స్వల్ప మేధో లోపం ఉన్నవారు ఊరి బడికే వెళతారు. వెళ్లాలి కూడా. ప్రత్యేక బడికి మిగిలేది తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం), మూర్ఛతో కలిసిన మేధో లోపం, మాట రాని ఆటిజం, ఒకటికి మించిన వైకల్యాలు. పాత ప్రకాశం జిల్లా పశ్చిమాన కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచిన సంగతి తెలిసిందే, ఆ పిల్లలూ ఇక్కడికే రావచ్చు. అందువల్ల పాత బడిలో ఉన్న అరవై మందిని లెక్కపెట్టి అరవై మందికి కడితే తప్పు లెక్క అవుతుంది. సంఖ్య అంతే ఉన్నా, ఒక్కొక్కరికి కావలసిన చోటు పెరుగుతుంది. బడి ఈడు పిల్లలపై ఐదేళ్లకోసారి సర్వే చేయాలని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కొత్త బడి కొలత ఆ సర్వే నుంచి రావాలి. పాత హాజరు పట్టీ నుంచి కాదు.

ఇక స్థలం. ప్రభుత్వ భూమి ఊరి చివరే దొరుకుతుంది. అది కూడా ఒక్కోసారి చెరువు పక్కన, వాగు పక్కన. ఉచితంగా వచ్చిందని సంతోషపడేలోపు అది రోజూ వసూలు చేసే ఖర్చు కనబడదు. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దూరం నుంచి రోజూ ఎవరూ రాలేరు కాబట్టి వసతి కావాలి, లేదా కావలి, ఆత్మకూరు, మార్కాపురం వంటి చోట్ల చిన్న బళ్లు కావాలి. నా ఓటు చిన్న బళ్లకే. ఎనిమిదేళ్ల పిల్ల రాత్రి తల్లి దగ్గర పడుకోవాలి. జిల్లా కేంద్రంలో పెద్ద భవనం ప్రారంభోత్సవానికి బాగుంటుంది, పిల్లకు కాదు. ఆ చిన్న బడి కూడా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలోనే ఉంటే మంచిది. గేటు ఒకటే, మధ్యాహ్న భోజనం ఒకటే, ఆటస్థలం ఒకటే. వేరే బడి అంటూ ఉన్నా వేరే లోకం కాకుండా ఉంటుంది. ఫిజియోథెరపీ, మాటల చికిత్స నిపుణులు అన్ని చోట్లా దొరకరు. నెల్లూరులో జాతీయ మేధో వైకల్య సంస్థ కింద నడిచే ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి, అక్కడి నిపుణులు వారంలో నిర్ణీత రోజుల్లో ఈ బళ్లకు వచ్చేలా ముందే ఒప్పందం ఉండాలి. వారు వచ్చే రోజుకు ఒక గది కూడా ఉండాలి.

స్థలం తప్పుగా ఎంచుకుంటే ఎంత మంచి నక్షా అయినా దాన్ని దిద్దలేదు. 2021 నవంబరు పెన్నా వరదలు మనకింకా గుర్తున్నాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరం వెంబడే పైకి వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి చోట బేస్‌మెంట్ ఎత్తు పెంచాలని ఎవరైనా అంటారు. ఎత్తు పెంచితే చక్రాల కుర్చీకి వాలు దారి కావాలి. కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్ల ర్యాంపు సరిపోతుంది. వరదకు భయపడి 90 సెంటీమీటర్లు లేపితే 10.8 మీటర్లు, మధ్యలో ఆగడానికి చదును వేరే. వరద పైకి లాగుతుంది, చక్రం కిందికి లాగుతుంది. ఈ రెండిటినీ గోడ కట్టేటప్పుడు కాదు, మట్టి తోలేటప్పుడే తేల్చుకోవాలి. గేటు నుంచి గుమ్మం దాకా నేలనే ఇరవైకి ఒకటి చొప్పున మెల్లగా ఎత్తుకుంటూ వస్తే 18 మీటర్లలో ఆ 90 సెంటీమీటర్లు వచ్చేస్తాయి. అప్పుడు ర్యాంపు అనే వస్తువు కనబడదు, అందరూ ఒకే దారిన నడుస్తారు. దానికి కాస్త పెద్ద స్థలం, ముందుగా పోసిన మట్టి, పైన కప్పు ఉండాలి. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బడి నడిచే రోజుల్లోనే కురుస్తాయి కాబట్టి కప్పు లేని ర్యాంపు మూడు నెలలు జారుడుబండే.

మేడ వద్దు. 3.6 మీటర్ల అంతస్తుకు పన్నెండుకు ఒకటి వాలుతో ఎక్కాలంటే మలుపులతో కలిపి దాదాపు 50 మీటర్ల ర్యాంపు. లిఫ్టు పెడతామంటారు. లిఫ్టు పెట్టడం ఒక బడ్జెట్, దాన్ని నడపడం మరో బడ్జెట్. రెండోది ఎవరి దగ్గరా ఉండదు. పైగా ఒంగోలు ప్రాంతం 1967 మార్చిలో 5.4 తీవ్రత భూకంపం చూసింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలకే బడి పిల్లలు బయటికి పరుగులు తీశారు. పరుగెత్తలేని పిల్లల బడిలో ప్రతి తరగతికీ ఆరుబయటికి నేరుగా ఒక తలుపు ఉండి తీరాలి.

ఇప్పుడు నేల. చీమకుర్తి గ్రానైటు మన జిల్లా గర్వం. కొత్త భవనమంటే మెరిసే నల్లరాయి పరచాలన్న ముచ్చట ఎమ్మెల్యే నుంచి మేస్త్రీ దాకా అందరికీ ఉంటుంది. చూపు తక్కువ ఉన్న పిల్లకు ఆ మెరుపు నీటి మడుగులా కనబడుతుంది. కాళ్లకు ఊతంగా క్యాలిపర్లు (లోహపు పట్టీలు) వేసుకున్నవాడికి తడి పాలిష్ రాయి మీద ప్రతి అడుగూ భయమే. అదే రాయిని మంటతో గరుకు చేసి పరిస్తే జారదు, మెరవదు. గ్లాస్గోలో 2007లో రెండు పాత బళ్ల స్థానంలో హేజిల్‌వుడ్ పాఠశాల కట్టారు. చూపు, వినికిడి రెండూ లోపించిన పిల్లల కోసం దాన్ని రూపొందించిన ఆర్కిటెక్టు అలన్ డన్‌లప్, నడవా వెంబడి చేత్తో తడుముకుంటూ వెళ్లేలా గోడకు కార్క్ చెట్టు బెరడు తాపడం చేయించారు. స్పర్శే పిల్లలకు దారి చూపుతుంది. మనకు బెరడు దిగుమతి అక్కరలేదు, మార్కాపురం పలక రాయి ఉంది. పిల్లల చేయి ఆనే ఎత్తులో గరుకు పలకను పట్టీగా వేసి, తలుపు వచ్చే చోట నునుపు పలక పెడితే చాలు. ఖర్చు పెద్దగా ఉండదు, ఆలోచన కావాలి.

గోడల మీద ఏనుగులు, రైళ్లు, అక్షరమాల గీయించే ఉత్సాహాన్ని కూడా ఆపుకోవాలి. మామూలు బడికి అది అందం. ఆటిజం ఉన్న పిల్లవాడికి అది రోజంతా ఆగని గోల. శబ్దం కూడా అంతే. ప్లాస్టరు గోడలు, గట్టి నేల ఉన్న గదిలో మాట మోగుతూ ఉంటుంది, వినికిడి యంత్రం ఆ మోతనే పెద్దది చేసి వినిపిస్తుంది. చిన్న తరగతి గదుల్లో ఈ మోత 0.6 సెకన్లలో తగ్గిపోవాలని, అవసరమైన పిల్లల కోసం 0.3 సెకన్లకు దించగలిగేలా ఉండాలని అమెరికా ప్రమాణం. మనకు సీలింగుకు శబ్దం పీల్చే పలకలు, కిటికీలకు మందపాటి తెరలు, చప్పుడు చేయని ఫ్యాన్లు వేస్తే మేలు. రేకుల కప్పు మాత్రం వద్దు. వాన పడినప్పుడు అందులో ఎవరికీ ఏమీ వినబడదు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరగవలసినది మరుగుదొడ్డి మీద. మన సమావేశాల్లో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగేది కూడా దాని మీదే, సిగ్గు వల్ల. వికలాంగుల మరుగుదొడ్డి అంటే 2 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల పొడవు, రెండు పట్టుకమ్మీలు అని నిబంధన. తనంతట తాను కుర్చీలోంచి కమోడ్ మీదికి మారగలిగినవారికి అది సరిపోతుంది. మారలేని వారి సంగతి? పదమూడేళ్ల కుర్రవాడికి డైపర్ మార్చాలంటే పడుకోబెట్టాలి. బల్ల లేకపోతే నేల మీదే. అదే తడి నేల మీద. ఆయాలు ఒకరు భుజాలు, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి దించుతుంటారు. నడుము నొప్పితో వారు ఉద్యోగం మానేస్తే బడి నడవదు. ఇంగ్లండులో పెద్ద ప్రజా భవనాల్లో ఇందుకు 12 చదరపు మీటర్ల ప్రత్యేక గదిని, అందులో ఎత్తు సర్దుకునే బల్లను, ఎత్తే యంత్రాన్ని 2021 నుంచి తప్పనిసరి చేశారు. నెల్లూరులో అంత యంత్రాంగం లేకపోయినా గది పరిమాణం, బల్ల, వేడినీళ్లు, తెర, పైకప్పులో భవిష్యత్తు యంత్రానికి ఒక దూలం ఇప్పుడే పెట్టవచ్చు. ఆడపిల్లలకు నెలసరి సమయంలో ఈ గది లేకపోతే ఏమవుతుందో తల్లులను అడగండి. ఆ వయసు వచ్చేసరికి చాలామందిని ఇంట్లోనే ఉంచేస్తారు. ఇలాంటి గది రెండు మూడు తరగతులకు ఒకటి చొప్పున, తరగతి పక్కనే ఉండాలి. ఆవరణ మూలన ఒక్క బ్లాకుగా కడితే చక్రాల కుర్చీని ఎండలో అటూ ఇటూ తిప్పడంలోనే పాఠం అయిపోతుంది.

చక్రాల కుర్చీలు, నిలబెట్టే చట్రాలు, వాకర్లు పెట్టుకునే చోటు కూడా అంచనాల్లో కనబడదు. ఫలితంగా అవన్నీ వరండాలోకి వస్తాయి, కంటిచూపు లేని పిల్లలు వాటికి తగిలి పడతారు.

పాత బడి నుంచి కొత్త బడికి మారే సమయం గురించి ఒక సూచన. జూన్ 12న బడి తెరిచే రోజే కొత్త భవనంలోకి వెళ్లాలని అధికారులు కోరుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లలకు అదే అన్నిటికంటే చెడ్డ ముహూర్తం: కొత్త తరగతి, కొత్త టీచరు, కొత్త గోడలు, మండే ఎండ, అన్నీ ఒకేసారి. సంక్రాంతి సెలవుల తర్వాత మారితే టీచరు పాతవారే, పక్కన కూర్చునేవాడు పాతవాడే, వాన తగ్గి ఉంటుంది, భవనం ఒక్కటే కొత్త. ఒక్కో తరగతి చొప్పున, ముందు వారానికో పూట చూపించి, తర్వాత పూర్తిగా మార్చవచ్చు. ఈలోపు రెండు భవనాలూ నడపాలి. పాతదాన్ని పడగొట్టి ఆ స్థలంలోనే కొత్తది కట్టాలనుకుంటే ఇది కుదరదు, పిల్లలు రెండేళ్లు ఏ కల్యాణ మండపంలోనో గడపవలసి వస్తుంది. స్థలం ఎంచుకునేటప్పుడే దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అందుబాటు నిబంధనలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. వాటిని పాటించని భవనానికి అనుమతి ఇవ్వకూడదని చట్టంలోని 44వ సెక్షన్ ఏనాడో చెప్పింది. అయినా పూర్తయినట్టు ధ్రువపత్రం ఇచ్చేది టేపు పట్టుకున్న ఇంజినీరే. నేనైతే కాంట్రాక్టరు డిపాజిట్‌లో ఒక భాగాన్ని ఒక వానాకాలం గడిచేదాకా ఆపుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పిల్లలు వాడిన తర్వాత, తల్లిదండ్రుల కమిటీ, ఆయాలు కలిసి చూసి సంతకం పెడితేనే అది విడుదల కావాలి. చక్రాల కుర్చీ గేటు నుంచి మరుగుదొడ్డి దాకా ఎవరూ ఎత్తకుండా వెళ్లిందా, వానలో ఆటో దిగిన పిల్ల తడవకుండా లోపలికి వచ్చిందా, తలుపు తెరిస్తే పడక బల్లకు అడ్డు తగులుతోందా అన్నవి ఆ సంతకానికి ముందు చూడాలి. ఈ షరతు టెండరు పత్రంలోనే ఉండాలి. పని మొదలయ్యాక చేర్చడానికి ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడు.