ఇరవై లక్షల లెన్సు: ఇద్దరు వియ్యంకుల వాదోపవాదం

జర్మనీలోని వెట్జ్‌లర్ పట్టణంలో లైకా కెమెరాలు తయారుచేసిన లైట్స్ సంస్థ 1966లో నాక్టిలక్స్ 50 ఎంఎం ఎఫ్/1.2 అనే లెన్సును విడుదల చేసింది. ఎఫ్ పక్కన ఉన్న అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ కాంతిని లోపలికి రానిస్తుంది. 1975లో తయారీ ఆగిపోయే నాటికి ఇవి రెండు వేలకు లోపే బయటికి వచ్చాయి కనుక, నేడు మంచి స్థితిలో ఉన్న లెన్సు వేలంలో మన రూపాయల్లో ఇరవై లక్షల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పలుకుతుంది. విశాఖపట్నంలో స్థిరపడిన ఒక విశ్రాంత ఇంజనీరు, పాత లెన్సుల సేకర్త, దీన్ని వేలంలో పాడాలని నిశ్చయించుకున్నారు. రాజమహేంద్రవరంలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన ఆయన వియ్యంకుడు వద్దంటున్నారు. ఈ వాదం నేను కల్పించి రాసినదే. నా మొగ్గు స్టూడియో నడిపినాయన వైపు ఉన్నది కాబట్టే ఆయనకు ఎక్కువసేపు మాట్లాడే అవకాశం దక్కిందని ఎవరైనా అంటే, ఆ మాట కాదనలేను.

సేకర్త: బావగారూ, ధర విని ఉలిక్కిపడే ముందు ఆ ధర దేనికో వినండి. మామూలు లెన్సుల్లో గాజు ఉపరితలాల వంపు గోళాకారంలో ఉంటుంది. అటువంటి గాజు అంచుల గుండా వచ్చిన కాంతి, నడిమి గుండా వచ్చిన కాంతి ఒకే చోట కలవవు. ఎపర్చరు, అంటే కాంతి లోపలికి వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మలో గట్టిదనం తగ్గి, దీపాలు చెదిరినట్టు కనిపించడానికి కారణం అదే. ఈ లోపాన్ని సరిదిద్దడానికి నాక్టిలక్స్‌లో రెండు ఉపరితలాలను గోళాకారం నుంచి తప్పించి, కంప్యూటర్లు నడిపే యంత్రాలు లేని ఆ రోజుల్లో, మనిషి చేతి నేర్పును నమ్ముకొని అరగదీశారు. అలా అరగదీసిన గాజుల్లో చాలా వాటిని పరీక్షలో తీసి పారేయవలసి వచ్చేది. ఆ నేర్పు విలువ తెలిసినవాడికి ఇరవై లక్షలు ఎక్కువగా తోచవు.

ఫొటోగ్రాఫర్: ఆ నేర్పును నేను తక్కువ చేయను, బావగారూ. కానీ మీరు చెల్లించేది ఆ నేర్పుకేనా అన్నది నా సందేహం. ఆ లెన్సు తరువాత ఏమైందో మీకు నాకంటే బాగా తెలుసు. గోళాకారం కాని గాజు అరగదీయడం తలకు మించిన ఖర్చు అవుతున్నదని గ్రహించిన లైట్స్ సంస్థ, కెనడాలోని తన కర్మాగారంలో పనిచేసిన వాల్టర్ మాండ్లర్ రూపకల్పనతో 1976లో నాక్టిలక్స్ ఎఫ్/1.0ను తెచ్చింది. అందులో అన్నీ గోళాకార ఉపరితలాలే. కాంతిని ఎక్కువగా వంచగలిగే గాజు రకాలతోనే పని సాధించారు. లెక్క వేసి చూడండి: 1.2ను 1.0తో భాగించి వర్గం చేస్తే 1.44 వస్తుంది, అంటే కొత్త లెన్సు పాతదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు కాంతిని లోపలికి రానిస్తుంది. మరి వేలంలో దేని ధర ఎక్కువ? ఎక్కువ కాంతినిచ్చే లెన్సు, తక్కువ కాంతినిచ్చే లెన్సు ధరలో సగానికి కూడా అమ్ముడుపోదు. కాబట్టి ఈ ధర కాంతికి కాదు, ఆ లెన్సులు తక్కువ సంఖ్యలో తయారైనందుకు. ఇంకొక మాట కూడా చెబుతాను. అసలు అట్టపెట్టె, హుడ్డు, మూత ఉంటే ధర పెరుగుతుందా, లేదా? అట్టపెట్టె గుండా కాంతి పోదు గదా, దానికి ఎందుకు డబ్బు ఇస్తున్నారు?

సేకర్త: అట్టపెట్టె మాట ఒప్పుకుంటాను. కానీ డబ్బు సంగతి మీరే ఎత్తారు గనుక మీ స్టూడియో లెక్కలు ఒకసారి తీద్దాం. డిజిటల్ వచ్చిన తరువాత మీరు ఎన్ని కెమెరా బాడీలు మార్చారు? ప్రతిదీ రెండు మూడేళ్లలో సగం ధరకు దిగిపోయింది. కొన్నిటిని ఇప్పుడు పుణ్యానికి ఇస్తానన్నా తీసుకునేవారు లేరు. కేనన్ సంస్థ 1993లో ముందుగా ఆర్డరు ఇచ్చినవారికి మాత్రమే చేసి ఇచ్చిన 1200 ఎంఎం ఎఫ్/5.6 లెన్సు బరువు 16.5 కిలోలు. దాన్ని చూసి నవ్విన వాళ్లున్నారు. 2021 అక్టోబరులో వెట్జ్‌లర్ వేలంలో అలాంటిదొకటి 5 లక్షల యూరోలకు పోయింది. కొత్తగా అమ్మిన నాటి ధరకు అది ఎన్నో రెట్లు. మీరు చవకగా కొని నష్టపోయారు, నేను ఖరీదుగా కొని నష్టపోకుండా ఉన్నాను. ఇందులో దుబారా ఎవరిది?

ఫొటోగ్రాఫర్: దెబ్బ తగిలింది, దాచను. నా బీరువాలో నాలుగు పాత బాడీలు ఉన్నాయి, నాలుగూ కలిపినా ఒక మంచి ఫ్లాష్ రాదు. అయితే వాటిలో ప్రతి ఒక్కటీ తన ఖరీదును పెళ్లిళ్ల సీజన్‌లోనే సంపాదించి పెట్టి, ఆ పైన కొన్నేళ్లు నాకు అన్నం పెట్టింది. పనిముట్టు అరిగిపోవడం నష్టం కాదు. మీ నాక్టిలక్స్ విషయంలో అరగడమే నష్టం. దాన్ని తీసుకొని ఆర్కే బీచ్‌కు వెళతారా? ఉప్పుగాలి. వర్షాకాలంలో బయటికి తీస్తారా? తేమ. విశాఖలాంటి ఊళ్లో లెన్సుకు ఫంగస్ ఎలా పడుతుందో నేను చాలా చూశాను. లెన్సు వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూస్తే, అంచు దగ్గర ఒక తెల్లని పోగు, దాని నుంచి చీలిన మరికొన్ని సన్నని పోగులు కనిపిస్తాయి. ఆరంభంలోనే విప్పి తుడిస్తే పోతుంది, ముదిరితే కోటింగును తినేసి గాజు మీద మచ్చ మిగులుస్తుంది. నా లెన్సుకు పడితే మెకానిక్‌కు ఇచ్చి విప్పించి తుడిపిస్తాను. మీ లెన్సును విప్పితే స్క్రూల మీద పడిన గీతను సైతం కొనేవాడు భూతద్దం పెట్టి చూసి ధర తగ్గిస్తాడు. అందుచేత మీరు దాన్ని తేమ 40, 50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్‌లో పెట్టి, తాళం వేసి, బీమా కట్టి, ఏడాదికి ఒకసారి తీసి చూసుకుంటారు. దానితో ఫొటో తీసే కొద్దీ విలువ తగ్గే లెన్సును ఫొటోల కోసం కొంటున్నానని మీరు అనడమే నాకు అర్థం కావడం లేదు.

సేకర్త: పని, పని అంటారు. ఇవాళ మీలాంటివారి పనికి వస్తున్న వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించారా? దూరపు లెన్సుల్లో రంగులు విడిపోకుండా చేసే ఫ్లోరైట్ స్ఫటికం ప్రకృతిలో చిన్న చిన్న ముక్కలుగానే దొరికేది, సూక్ష్మదర్శినుల దాకానే సరిపోయేది. కేనన్ సంస్థ 1960ల చివరలో దాన్ని కృత్రిమంగా పెంచడం నేర్చుకొని, 1969లో 300 ఎంఎం ఎఫ్/5.6 లెన్సులో వాడింది. ఆ తొలి రోజుల్లో అలాంటి ఖరీదైన వస్తువును 'నాకెందుకు' అని అందరూ మీలాగే పక్కన పెట్టి ఉంటే, ఇప్పుడు క్రికెట్ మైదానాల్లో బౌండరీ అవతల వరుసగా కనిపించే ఆ తెల్లని లెన్సులు ఉండేవి కావు. మొదట ఎవరో ఒకరు అతి ధర చెల్లించాలి. ఆ తరువాతే అది అందరికీ అందుతుంది.

ఫొటోగ్రాఫర్: ఇది మీ వాదంలో అన్నిటికంటే బలమైన మాట. 1969లో ఆ లెన్సు కొన్నవారికి, 1966లో కొత్త నాక్టిలక్స్ కొన్నవారికి నేను నమస్కారం పెడతాను. కానీ వేలంలో మీరిచ్చే ఇరవై లక్షలు ఎవరికి చేరతాయి? అరగదీసిన పనివాడికి చేరవు, గాజు పోసిన వాడికి చేరవు, కొత్త లెన్సు గీస్తున్న ఇంజనీరుకు చేరవు. ఇంతకాలం దాన్ని అలమారలో దాచిన ఇంకొక సేకర్తకు, కమీషన్ తీసుకునే వేలం సంస్థకు చేరతాయి. కళను పోషించిన పుణ్యం మొదటి కొనుగోలుదారుది. అది మీ ఖాతాలో పడదు.

సేకర్త: మీరు తొందరపడుతున్నారు. పాతవాటి ధర అంతగా పెరగబట్టే కదా లైకా సంస్థ 2021లో అదే నాక్టిలక్స్ ఎఫ్/1.2ను మళ్లీ తయారుచేసింది? మాలాంటి పిచ్చివాళ్లు వేలంలో పాడకపోతే, ఆ లెన్సును ఇంకా కోరుకునేవారున్నారని ఆ సంస్థకు ఎలా తెలిసేది?

ఫొటోగ్రాఫర్: అయితే ఆ కొత్తదాన్నే కొనండి! వచ్చినప్పుడు దాని ధర ఎనిమిది వేల డాలర్లకు లోపే. ఖరీదే, కాదనను, కానీ అందులో కూడా అదే రూపకల్పన, అవే రెండు ఉపరితలాలు. పైగా ఆ డబ్బు తయారీదారుకే చేరుతుంది, చెడితే బాగుచేసే దిక్కు ఉంటుంది. ఫంగస్ పట్టినా మీ గుండె ఆగదు.

సేకర్త: అది ప్రతి, మూలం కాదు. సరే, దాన్ని అలా ఉంచండి. మీరు అరుదైన లెన్సు వల్ల ఒరిగేది లేదంటున్నారు గనుక ఒక్క ఉదాహరణ. నాసా కోసం జైస్ సంస్థ చేసిన ప్లానార్ 50 ఎంఎం ఎఫ్/0.7 లెన్సులు మొత్తం పది. వాటిలో మూడింటిని దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ కొని, 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' చిత్రంలో గదులను కొవ్వొత్తుల వెలుగులోనే తీశాడు. అంతటి అరుదైన లెన్సు లేకపోతే ఆ దృశ్యాలు లేవు.

ఫొటోగ్రాఫర్: వెలుగును పట్టుకోవడానికి అంత దూరం పోవాలా? 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే 'మాయాబజార్'లో నౌకావిహారపు పాటకు పట్టిన వెన్నెలను చూడండి. నాసా సాయం ఏమైనా అడిగాడా?

సేకర్త: బావగారూ, అభిమానం వేరు, వాదం వేరు. బార్ట్‌లే వెన్నెల దీపాలతో కల్పించిన వెన్నెల. కూబ్రిక్‌కు కావలసింది కల్పించని వెలుగు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా? పైగా ఆ స్టూడియోలకు దీపాల మీద, సెట్ల మీద అయిన ఖర్చు ముందు ఒక లెన్సు ఖర్చు ఏపాటిది?

ఫొటోగ్రాఫర్: కల్పించినా అది వెన్నెలే, బావగారూ. ఆ వెన్నెలను తక్కువ చేసి మాట్లాడితే మన ఇళ్ల మధ్య రాకపోకలు కష్టం.

సేకర్త: తక్కువ చేయలేదు, వేరన్నాను.

ఫొటోగ్రాఫర్: సరే, వేరే. కూబ్రిక్ దగ్గరికే వద్దాం, ఎందుకంటే ఆయన మీ సాక్షి కాదు, నా సాక్షి. ఆయన చేతిలో ఉన్న ఫిల్ము వేగం, అంటే కాంతిని గ్రహించే శక్తి, 100. డెవలపింగ్‌లో ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచి 200 చేసుకున్నాడు. ఇంకో దారి లేదు కాబట్టి ఎఫ్/0.7 కొన్నాడు, కొని దాన్ని కెమెరాకు పట్టించడానికి కెమెరానే కోయించి మార్పించాడు. అలమారలో పెట్టలేదు. మరి ఆ లెన్సు తెచ్చిన పల్చని ఫోకస్ ఆయనకు వరమా? కాదు, శిక్ష. నటులు కాస్త ముందుకు వంగితే మసకబారిపోతారని, దూరం గమనించడానికి పక్క నుంచి ఒక వీడియో కెమెరా పెట్టుకోవలసి వచ్చింది. ఇవాళ లెక్క ఏమిటి? వేగం 200 దగ్గర ఎఫ్/0.7 ఇచ్చిన ఎక్స్‌పోజరును, పది పదిహేను వేల రూపాయల 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఐఎస్ఓ 1600 (అదే వేగం కొలత) దగ్గర ఇస్తుంది, కొంచెం మిగిలిపోతుంది కూడా. మా ఊళ్లో కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడి సంచిలోనే ఆ లెన్సు ఉంటుంది. కూబ్రిక్ ఇప్పుడు ఉంటే ఎఫ్/0.7 కోసం తిరిగేవాడా అన్నది మీరే చెప్పండి.

సేకర్త: ఎక్స్‌పోజరు సమానమవుతుంది, బొమ్మ సమానం కాదు. ఎఫ్/1.8లో ముఖం వెనుక నేపథ్యం అలా కరిగిపోవడం, ఆ రూపురేఖలు రావు. నాక్టిలక్స్‌ను పూర్తిగా తెరిచి తీసిన ముఖాన్ని ఒకసారి చూసినవారు మరిచిపోరు. ఆ చిత్రణను ఏ సాఫ్ట్‌వేరూ ఇంకా సరిగా అనుకరించలేదు.

ఫొటోగ్రాఫర్: నిజమే, అది వేరుగా ఉంటుంది. ఎంత వేరుగా అంటే, ఆ లెన్సు దగ్గరి హద్దు 1 మీటరు. ఆ దూరంలో ఎపర్చరు పూర్తిగా తెరిస్తే పదునుగా వచ్చే లోతు 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. కంటిపాప మీద ఫోకస్ పెడితే ముక్కు కొన మసక, చెవి మసక. పైగా అది ఆటో ఫోకస్ కాదు. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి ఫోకస్ కుదిర్చే సాధనం) గడిలో రెండు బొమ్మలను ఒకటిగా కలిపేలోపు ఎదుటి మనిషి ఊపిరి తీసుకుంటే చాలు, ఫోకస్ కంటి నుంచి కనుబొమ్మ మీదికో చెంప మీదికో జారుతుంది. మనవడి అన్నప్రాశనలో మీరు ఎఫ్/2 లెన్సుతో తీసిన ఫొటోలు బాగున్నాయి. ఆ పిల్లవాడు కుదురుగా ఒక్క క్షణం ఉన్నాడా? నాక్టిలక్స్ అయి ఉంటే వాటిలో ఎన్ని మిగిలేవి?

సేకర్త: కొన్నే మిగిలేవి. కానీ ఆ కొన్నీ ఇంకెవరూ తీయలేనివి అయ్యేవి. మీరు ఖాతాదారు మెచ్చే ఫొటోలు తీశారు, అందుకే తప్పిపోయిన ఫొటోను నష్టంగా చూస్తారు. నాకు ఖాతాదారు లేడు. విశ్రాంత జీవితంలో నాకు ఆనందమిచ్చేదాన్ని నా డబ్బుతో కొంటే, దానికి లాభనష్టాల పట్టిక ఎందుకు?

ఫొటోగ్రాఫర్: ఆనందం అన్న తరువాత నేను అడ్డు చెప్పలేను, ఆ మాట మొదటే అని ఉంటే ఇంతసేపు వాదించేవాణ్ణి కాదు. మీరు గాజు నేర్పు అన్నారు, పెట్టుబడి అన్నారు, కళాపోషణ అన్నారు, చివరికి కూబ్రిక్‌నూ పిలిచారు. అవేవీ ఈ ధరను మోయలేవు. ఆనందం ఒక్కటే మోయగలదు, అది కూడా లెన్సు క్యాబినెట్‌లో కాక కెమెరాకు ఉన్నప్పుడు.

సేకర్త: సరే, పాడతాననే అనుకోండి. ఎంత దాకా వెళ్లమంటారు?

ఫొటోగ్రాఫర్: 2021లో వచ్చిన కొత్తదాని ధర దాకా. ఆ పైన మీరిచ్చే ప్రతి రూపాయీ అట్టపెట్టెకూ, తక్కువ లెన్సులు తయారైనందుకూ పోతుంది.

సేకర్త: ఆ ధరకు అసలుది ఏ వేలంలోనూ రాదని మీకు తెలుసు.

ఫొటోగ్రాఫర్: తెలుసు, బావగారూ. అందుకే ఆ అంకె చెప్పాను.